పాలూ పంచదారా లేని చిక్కటి టీ లాటే ఇంట్లో చేసుకోవడం ఎలా?

కావలి కోడలు:

అందరికీ నమస్కారం. మాది కావలి. ఇంట్లో మా అత్తయ్య, మా వారు, నేను ఉంటాం. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. అత్తయ్యకు కొంతకాలంగా పాలు తాగిన కాసేపటికే కడుపు ఉబ్బరించడం, నొప్పి, విరేచనాలు మొదలవుతుండడంతో డాక్టరుగారికి చూపించాం. పాలలో సహజంగా ఉండే లాక్టోజు అనే చక్కెర ఆమెకు అరగడం లేదని, కొన్నాళ్లు పాలు పూర్తిగా మాని చూడమని ఆయన చెప్పారు. మా వారికి చక్కెర వ్యాధి లేదు గానీ రక్తపరీక్షలో అంకెలు అంచున ఉన్నందువల్ల ఆయన పంచదార మానేశారు.

పాలు మానడం అత్తయ్యకు కష్టం కాలేదు. తెల్లవారుజామున తాగే టీ మానడమే ఆమె వల్ల కావడం లేదు. పాలు లేని టీ ఇస్తే ఒక గుక్క తాగి, "ఇది కషాయం, టీ కాదమ్మా" అని గ్లాసు పక్కన పెట్టేస్తున్నారు. బెంగళూరు కాఫీ షాపుల్లో ఓట్స్ పాలతో, కొబ్బరిపాలతో టీ లాటే ఇస్తారని, చిక్కగా, పైన నురగతో, పాల టీకి ఏమాత్రం తీసిపోకుండా ఉంటుందని అమ్మాయి చెప్పింది. మామూలు టీ పెట్టినట్లే నీళ్లలో టీ పొడి, అల్లం, బెల్లం వేసి, మరుగుతుండగా కొబ్బరిపాలు పోసి రెండు పొంగులు రానిచ్చాను. పైన నూనె తేలింది, అడుగున తెల్లటి పలుకులు చేరాయి, రుచి కూడా వగరుగానే ఉంది. నెల్లూరు నుంచి తెప్పించిన సోయా పాల ప్యాకెట్టుతో చేస్తే ముక్కలు ముక్కలుగా విరిగింది.

కొబ్బరికాయలు మాకు ఇంటి పెరట్లోనే కాస్తాయి. ఓట్స్ పాలు, బాదం పాలు రోజూ ప్యాకెట్లు కొనడం మాకు కుదరదు. ఇంట్లో దొరికే వాటితోనే పాల టీ అంత నిండుగా ఉండే టీ ఎలా చేయాలో, తీపికి బెల్లమా, తాటిబెల్లమా, ఖర్జూరమా, ఏది ఎప్పుడు వేయాలో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

నెల్లూరు మాస్టారు:

అమ్మా, మీ కొబ్బరిపాలలో లోపమేమీ లేదు. మనం పాల టీ పెట్టే పద్ధతే వాటికి పడదు. గేదెపాలు ఎంత మరిగినా తట్టుకుంటాయి, మరిగేకొద్దీ టీ చిక్కబడుతుంది కూడా. అందుకే మన వైపు టీ పెట్టడమంటే పాలూ నీళ్లూ పొడీ కలిపి పొంగించడమే అయిపోయింది. కొబ్బరిపాలు అలాంటివి కావు. నీళ్లలో విడివిడిగా తేలుతూ ఉండే సన్నటి నూనె బొట్లే అవి. ఆ బొట్లు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా కొబ్బరిలోని మాంసకృత్తులు వాటి చుట్టూ పొరగా అంటిపెట్టుకొని ఉంటాయి. వేడి సుమారు 80 డిగ్రీలు దాటాక ఆ మాంసకృత్తులు గడ్డకట్టడం మొదలవుతుంది. పొర చెదిరిన చోట నూనె పైకి తేలుతుంది, గడ్డకట్టినవి పలుకులై అడుగుకు చేరతాయి. మీ గ్లాసులో కనిపించినవి ఇవే. కొబ్బరిపాలతో కూరలు, పులావులు వండేవారు పల్చటి రెండో పాలను ముందు ఉడకనిచ్చి, చిక్కటి మొదటి పాలను దించే ముందు మాత్రమే పోస్తారు. కారణం ఇదే.

ఇక వగరు సంగతి. టీ ఆకులోని టానిన్లు మన లాలాజలంలోని మాంసకృత్తులకు అంటుకోవడం వల్లనే నోరు పిడచగట్టినట్లు అవుతుంది. పాలు పోసిన టీలో కేసిన్ అనే పాల మాంసకృత్తు ఆ టానిన్లలో చాలా భాగాన్ని ముందే పట్టేసుకుంటుంది కాబట్టి ఎంతసేపు మరిగించినా టీ మెత్తగానే ఉంటుంది. కొబ్బరిపాలలో కేసిన్ ఉండదు. పది నిమిషాలు మరిగించిన డికాక్షన్‌లో వాటిని పోస్తే వగరు వగరుగానే నిలుస్తుంది, దాన్ని కప్పిపుచ్చడానికి బెల్లం మీద బెల్లం వేయాల్సి వస్తుంది. కాబట్టి పొడి పెంచండి, మరిగే సమయం తగ్గించండి, పాలను డికాక్షన్‌తో కలిపి పొయ్యి మీద పెట్టకండి. చిక్కదనమంతా ఈ మూడింటిలోనే ఉంది.

ఇప్పుడు పద్ధతి చెబుతాను. ఇది రెండు గ్లాసులకు సరిపోతుంది. పన్నెండు జీడిపప్పులను వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. వేటపాలెం గుళ్లే కానక్కరలేదు, బద్దలైనా, నూకైనా పని చేస్తుంది, చవక కూడా. ముదురు కొబ్బరికాయ కోరు అరకప్పు తీసుకొని, నానిన జీడిపప్పుతో కలిపి ముందు నీళ్లు పోయకుండా మెత్తగా రుబ్బి, తరువాత ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు పోసి మళ్లీ తిప్పండి. పల్చటి నూలుబట్టలో వేసి గట్టిగా పిండండి. జీడిపప్పు ఎందుకంటే, అందులోని పిండిపదార్థం వేడికి కొద్దిగా చిక్కబడి కొబ్బరినూనె బొట్లను విడిపోనీయకుండా పట్టి ఉంచుతుంది, కొబ్బరి వాసన టీని మింగేయకుండా కూడా చూస్తుంది. కేవలం కొబ్బరిపాలతో చేసిన టీ కన్నా ఇది పాల టీకి ఎంతో దగ్గరగా ఉంటుందని నా గట్టి నమ్మకం.

మరో గిన్నెలో 200 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టి, దంచిన అల్లం ముక్క, రెండు యాలకులు వేసి, అయిదు నిమిషాలు మూతపెట్టి మరగనివ్వండి. పచ్చి అల్లంలో మాంసకృత్తులను విరిచే ఎంజైము ఉంటుంది. నీళ్లలో ముందే మరిగించేస్తే అది పని చేయదు. ఆ తరువాతే టీ పొడి వేయాలి. మామూలుగా రెండు చిన్న చెంచాలు వేసే చోట మూడు వేసి, సన్నని సెగ మీద మూడు నిమిషాలకు మించకుండా ఉంచి దించేయండి. పొడి మరీ మెత్తని డస్టు రకం అయితే వగరు తొందరగా దిగుతుంది కాబట్టి గుళికల్లా ఉండే సీటీసీ పొడి మంచిది. నీలగిరి ఆకు టీ దొరికితే మూడో వంతు అది కలపండి. నీలగిరి టీకి సువాసన ఎక్కువ, వగరు తక్కువ. వడకట్టేటప్పుడు జాలీలో మిగిలిన పిప్పిని చెంచాతో అదిమి పిండవద్దు. ఆఖరి చుక్కల్లో వచ్చేది చేదే.

జీడిపప్పు కొబ్బరిపాలను వేరే గిన్నెలో సన్నని సెగ మీద పెట్టి, గరిటెతో కలుపుతూ ఉండండి. ఆవిరి లేచి, గిన్నె అంచు వెంట చిన్న బుడగలు ఇక కట్టబోతున్నాయనగా దించాలి. గరిటె వెనక వైపు పాలు పల్చటి పొరగా నిలుస్తాయి, అదే గుర్తు. ఈ పాలు గ్లాసులో పోసి, డికాక్షన్‌ను సన్నటి ధారగా పోస్తూ కలపండి. చల్లటి పాలను సలసల కాగే డికాక్షన్‌లో ఒక్కసారిగా గుమ్మరిస్తే చాలా రకాల మొక్కల పాలు విరిగే ప్రమాదం ఉంది. తీపి అన్నిటికన్నా చివర. బెల్లానికి కొద్దిగా ఆమ్లగుణం, ఉప్పులు ఉంటాయి. మరిగే పాలలో పడితే ఆవుపాలే విరుగుతాయని మన ఇళ్లలో పాయసం వండే ప్రతి ఒక్కరికీ తెలిసిన విషయమే.

దర్శి వాసి:

మాస్టారుగారు కొబ్బరిపాల సంగతి వివరంగా చెప్పారు. సోయా పాలు విరగడానికి మరో కారణం కూడా ఉంది, అది నీళ్లు. మా వైపు బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి గార కడుతుంది. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సోయా పాలను గడ్డకట్టించి టోఫు చేసేటప్పుడు వేసేవి కూడా కాల్షియం, మెగ్నీషియం లవణాలే. అంటే బోరు నీళ్లతో కాచిన డికాక్షన్‌లో సోయా పాలు పోయడమంటే టోఫు చేయడానికి సగం దూరం వెళ్లినట్లే. అదే టీని క్యాను నీళ్లతో చేస్తే మా ఇంట్లో విరగడం లేదు. కావలిలో మీరు ఏ నీళ్లు వాడుతున్నారో ఒకసారి చూసుకోండి. క్యాను లేనప్పుడు బోరు నీళ్లనే ముందుగా బాగా మరిగించి, చల్లారి గార అడుగుకు చేరాక పైతేట నీళ్లు మాత్రం తీసి వాడితే కొంత మేలు. కఠినమైన నీళ్లలో టీ పైన సన్నటి తెట్టు కట్టి, రంగు కూడా మసకబారుతుంది. కాబట్టి సోయా వాడినా వాడకపోయినా ఈ జాగ్రత్త వృథా పోదు.

వేరుశనగ పండించే ఊళ్లలో ఉన్నవాళ్లం కాబట్టి ఒక మాట. వేరుశనగ పాలు చవక, మాంసకృత్తులు ఎక్కువ. గింజలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, వడకట్టి, పచ్చివాసన పోయేదాకా పది నిమిషాలు కాచాలి. కాచిన తరువాత కూడా వేరుశనగ రుచి మిగులుతుంది. శొంఠి, మిరియం వేసిన ఘాటు టీలో అది కలిసిపోతుంది గానీ యాలకుల టీకి నప్పదు.

కొత్తపట్నం తాటితోపు:

అక్కయ్యగారూ, తీపి విషయంలో నేను తాటిబెల్లానికే ఓటు వేస్తాను. సముద్రం ఒడ్డున తాటితోపుల మధ్య పెరిగినవాడిని కాబట్టి ఈ మాట అభిమానంతో అంటున్నానని మీరు అనుకోవచ్చు. నిజానికి రుచి కోసమే అంటున్నాను. చెరకు బెల్లపు తీపి నాలుక మీద ముందే తెలిసిపోయి టీని పక్కకు నెట్టేస్తుంది. తాటిబెల్లంలో కొద్దిగా పొగ వాసన, మాడిన చక్కెర రుచి ఉంటాయి. ఆ రెండూ టీ చేదుతో, కొబ్బరి కమ్మదనంతో బాగా కలుస్తాయి. పాలు లేని లోటు సగం ఇదే తీరుస్తుంది.

కాకపోతే తాటిబెల్లాన్ని నేరుగా గ్లాసులో గీరి వేయకండి. గెల కోసిన చోట కారే నీరాను పట్టే కుండకు లోపల సున్నం పూస్తారు, లేకపోతే పొద్దెక్కేసరికి అది పులిసి కల్లు అయిపోతుంది. ఆ నీరాను కాచి అచ్చు పోసినప్పుడు కొంత సున్నపు మడ్డి బెల్లంలోనే మిగిలిపోతుంది. వంద గ్రాముల తాటిబెల్లాన్ని నలగ్గొట్టి, 60 మిల్లీలీటర్ల నీళ్లతో సన్నని సెగ మీద కరిగించి, పైకి వచ్చే నురగ తీసేసి, బట్టలో వడకట్టి చూడండి. బట్ట మీద తాటి పీచు పోగులు, నల్లటి నలకలు, వేలితో రాస్తే గరగరలాడే ఇసుక కనిపిస్తాయి. వడకట్టిన పాకాన్ని గంటసేపు కదపకుండా ఉంచితే అడుగున బూడిదరంగు మడ్డి పేరుకుంటుంది. పైతేట మాత్రం గాజుసీసాలోకి వంచుకోండి. ఫ్రిజ్‌లో రెండు వారాలు నిలుస్తుంది. సున్నం ఎక్కువగా మిగిలిన బెల్లం వేస్తే టీ రంగు ఉన్నట్టుండి నల్లబడుతుంది. అది పాడైనందువల్ల కాదు, క్షారగుణానికి టీ రంగు మారుతుంది, అంతే.

కొనేటప్పుడు అచ్చును విరిచి చూడండి. పంచదార కలిపినదైతే విరిగిన చోట పలుకులు మెరుస్తాయి. అసలైనది మెరుపు లేకుండా, ముదురు గోధుమరంగులో, వానాకాలంలో చేతికి తడి తగిలేలా ఉంటుంది. మా చుట్టుపక్కల దొరకనప్పుడు తమిళనాడు నుంచి వచ్చే ఉడన్‌గుడి కరుపట్టి తెచ్చుకుంటాం, అదీ తాటిబెల్లమే. చెరకు బెల్లమే వాడాలనుకుంటే బంగారు రంగులో నిగనిగలాడే దిమ్మను వదిలేసి నల్లటిది తీసుకోండి. రంగు తేలడానికి హైడ్రోసు అనే రసాయనం వేసే అలవాటు బెల్లం బట్టీల్లో ఉంది.

అల్లూరు అక్క:

మా అమ్మమ్మ దగ్గు వచ్చినప్పుడు కషాయంలో అతిమధురం వేసేవారు. చిటికెడు పొడికే ఎంత తీపి వస్తుందో! దానిలో చక్కెర దాదాపు లేనట్టే కదా, మీవారికి అదే మేలనిపిస్తోంది. ఇంకొకటి, సుగంధి వేరు. నన్నారి షర్బతుకు వాడే వేరే అది. అంగుళం ముక్కను కచ్చాపచ్చాగా దంచి అల్లంతో పాటు నీళ్లలో మరిగిస్తే వెనిల్లా లాంటి వాసన వస్తుంది, దాంతో తీపి తక్కువ వేసినా ఎక్కువగా ఉన్నట్లు అనిపిస్తుంది. దుకాణాల్లో దొరికే నన్నారి సిరప్‌లో మాత్రం నిండా పంచదారే ఉంటుంది కాబట్టి ఎండు వేరే తెచ్చుకోండి.

ఒంగోలు పోషకాహార అధ్యాపకురాలు:

సుగంధి వేరు ఆలోచన చాలా బాగుంది. దాని వాసనకు మూలమైన పదార్థం వెనిల్లా వాసనకు కారణమైన వెనిలిన్‌కు చాలా దగ్గరి బంధువు కాబట్టి ఆ పోలిక సరైనదే. అయితే అతిమధురాన్ని రోజూ తాగే టీలో వేయడానికి నేను ఒప్పుకోలేను. అందులో తీపినిచ్చే గ్లిసిరైజిన్ శరీరంలో ఉప్పును, నీటిని నిలిపి ఉంచి, పొటాషియాన్ని తగ్గించి, రక్తపోటును పెంచుతుంది. దగ్గుకు రెండు రోజులు వాడడం వేరు, ఏడాది పొడవునా రోజుకు రెండుసార్లు తాగడం వేరు. అరవై దాటినవారు, రక్తపోటుకు మాత్రలు వేసుకునేవారు దాని జోలికి వెళ్లకపోవడమే క్షేమం.

తాటిబెల్లం గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి, ఎందుకంటే అడిగినవారి ఇంట్లో రక్తపరీక్ష అంకెలు అంచున ఉన్న మనిషి ఉన్నారు. రుచిలో తాటిబెల్లం ఎంత గొప్పదైనా అందులో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. చెరకు బెల్లమూ అంతే. కొద్దిగా ఖనిజాలు ఉన్నా, చెంచాడు బెల్లంతో అవి లెక్కలోకి రానంత తక్కువ. బెల్లం, తేనె, పాకాలు అన్నిటినీ కలిపి, వాటి నుంచి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో పదో వంతుకు మించకూడదని, ఇరవయ్యో వంతులోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ఆ ఇరవయ్యో వంతు సుమారు 25 గ్రాములు. పైన చెప్పిన పాకం ఒక చిన్న చెంచాలో సుమారు నాలుగు గ్రాముల చక్కెర ఉంటుంది. కాబట్టి మీవారికి గ్లాసుకు ఒక చెంచా చాలు, దాన్ని కూడా నెమ్మదిగా అరచెంచాకు తగ్గించడం మంచిది. రెండు మూడు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. ఖర్జూరాన్ని నానబెట్టి గుజ్జుతో సహా వాడితే పీచు దొరుకుతుంది. వడకట్టి రసం మాత్రం తీస్తే అదీ ఒక పాకమే. గుజ్జు టీలో అడుగుకు దిగుతుంది కాబట్టి జీడిపప్పుతో కలిపి రుబ్బేయడం నయం.

ఇక అత్తయ్యగారి విషయం. లాక్టోజు అరగకపోవడం, పాల మాంసకృత్తుల ఎలర్జీ రెండూ ఒకటి కావు. ఎలర్జీ ఉన్నవారు పాల చుక్క కూడా తగలనివ్వకూడదు. లాక్టోజు అరగనివారిలో చాలామందికి కొద్ది మోతాదు, అంటే ఒక పూటకు 12 గ్రాముల లాక్టోజు వరకు, పెద్ద ఇబ్బంది పెట్టదు. ఆవుపాలు 100 మిల్లీలీటర్లలో సుమారు అయిదు గ్రాముల లాక్టోజు ఉంటుంది. ప్రస్తుతం పూర్తిగా మానమని డాక్టరుగారు చెప్పారు కాబట్టి అలాగే చేయండి. కొన్నాళ్ల తరువాత పెరుగు, మజ్జిగ ఎంతవరకు పడతాయో ఆయననే అడిగి తెలుసుకోండి. టీ కోసం దుకాణంలో అమ్మే తెల్లపొడులు మాత్రం వాడవద్దు. డెయిరీ వైటనర్ అంటే పాలపొడే, లాక్టోజు అందులో ఇంకా చిక్కగా ఉంటుంది. నాన్‌డెయిరీ క్రీమర్ అని రాసి ఉన్న డబ్బా మీద కూడా సోడియం కేసినేట్ అని కనిపిస్తే అది పాలలోని కేసిన్ నుంచి తీసినదే. లాక్టోజు సమస్యకు దానితో ప్రమాదం లేకపోయినా ఎలర్జీ ఉన్నవారికి అది పనికిరాదు.

పాలు మానినప్పుడు అందరూ మరిచిపోయేది కాల్షియం. వయోజనులకు రోజుకు 1000 మిల్లీగ్రాములు అవసరమని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన సిఫార్సు. ఒక గ్లాసు ఆవుపాలు అందులో దాదాపు పావు వంతు ఇస్తాయి. జీడిపప్పు కొబ్బరిపాలలో అది లేనట్టే లెక్క. టీతో దాన్ని భర్తీ చేయాలని చూడకండి. రాగి జావ, మునగాకు, నువ్వుల పొడి అన్నంలోకి రావాలి. చేపలు తినే ఇల్లయితే ముల్లుతో సహా నమిలే నెత్తళ్లకు మించినది లేదు, మన తీరంలో వాటికి కొరతా లేదు. చిక్కటి కొబ్బరిపాలలో సంతృప్త కొవ్వు ఎక్కువ కాబట్టి గుండె జబ్బు, కొలెస్టరాలు ఉన్నవారు కొబ్బరికోరు తగ్గించి జీడిపప్పు లేదా బాదం పెంచుకోవాలి. టీని భోజనానికి ముందూ తరువాతా కనీసం గంట దూరంలో ఉంచాలి. టానిన్లు అన్నం, ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, టీలో ఏ పాలు కలిపినా ఈ గండం తప్పదు.

కావలి కోడలు:

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. మాస్టారుగారు చెప్పినట్లు పాలను వేరే గిన్నెలో వెచ్చబెట్టి చేశాను. నూనె తేలలేదు, పలుకులు రాలేదు. దర్శి అన్నయ్యగారు చెప్పింది కూడా నిజమే, మేము వాడేది బోరు నీళ్లే, ఇప్పుడు టీకి క్యాను నీళ్లు పెట్టాను. తాటిబెల్లం ఇంకా దొరకలేదు కాబట్టి నల్లబెల్లాన్నే పాకం చేసి వడకట్టాను. అత్తయ్య గ్లాసు ఖాళీ చేశారు. ఆమె అడిగింది ఒక్కటే, "పైన నురగ ఏదమ్మా?" అని. కాఫీ షాపుల్లో ఉండే యంత్రం మా దగ్గర లేదు. మిక్సీలో వేసి తిప్పవచ్చా? ఈ పాలను ముందురోజు రాత్రే చేసి పెట్టుకోవచ్చా? అత్తయ్య నాలుగున్నరకే లేస్తారు, ఆ వేళకు కొబ్బరి కోరుతూ కూర్చోవడం రోజూ కుదిరే పని కాదు.

నెల్లూరు మాస్టారు:

చాలా సంతోషం అమ్మా. నురగ నిలవాలంటే గాలి బుడగల చుట్టూ మాంసకృత్తుల పొర గట్టిగా ఉండాలి, దాన్ని పల్చబరిచేది కొవ్వు. కొబ్బరిలో కొవ్వు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ కాబట్టి ఎంత తిప్పినా నురగ వెంటనే కూలిపోతుంది. మొక్కల పాలలో నురగకు బాగా అనువైనవి సోయా పాలు. అత్తయ్యగారికి నురగ మీద అంత ఇష్టమైతే, పాలలో పావు వంతు సోయా కలిపి, మిగిలినది జీడిపప్పు కొబ్బరిపాలు ఉంచండి. క్యాను నీళ్లతో, డికాక్షన్‌ను సన్నటి ధారగా పోసినంతవరకు ఆ పావు వంతు విరగదు. సోయా వద్దనుకుంటే కొబ్బరికోరును సగానికి తగ్గించి, జీడిపప్పును పద్దెనిమిదికి పెంచండి. నురగ తక్కువే వస్తుంది గానీ కొంతసేపు నిలుస్తుంది.

వేడి టీని మిక్సీలో వేయవద్దు. ఆవిరికి మూత ఎగిరి ముఖం మీదికి చిమ్మే ప్రమాదం ఉంది. పాలను మాత్రం, డికాక్షన్ కలపకముందు, చేతికి ఓర్చుకోగలిగినంత వెచ్చదనంలో ఉన్నప్పుడు, జారులో మూడో వంతుకు మించకుండా పోసి కాసేపు తిప్పవచ్చు. అంతకన్నా మేలైనది ఇంట్లో మజ్జిగకు వాడే చిన్న కవ్వం. పొడవైన చెంబులో వెచ్చటి పాలు పోసి, చెంబును కొద్దిగా వంచి, కవ్వం ముఖం సగం పాలలో, సగం గాలిలో ఉండేలా పట్టుకొని రెండు అరచేతుల మధ్య గిరగిరా తిప్పండి. పూర్తిగా ముంచి తిప్పితే గాలి సరిగా కలవక నురగ లేవదు. అంచు తేలి ఉంటే నురగ లేస్తుంది. ఆ నురగను చెంచాతో వెనక్కి పట్టి ఉంచి, కింది పాలను ముందు గ్లాసులో పోసి, డికాక్షన్, పాకం కలిపి, చివర నురగను పైన వేయండి. టీ కొట్టులో చేసినట్లు రెండు గ్లాసుల మధ్య ఎత్తు నుంచి తిరగబోసినా నురగ వస్తుంది. అయితే ఈ టీ పాల టీ కన్నా తక్కువ వేడితో మొదలవుతుంది కాబట్టి నాలుగైదుసార్లు పోసేసరికి చల్లారిపోతుంది. గ్లాసులను ముందే వేడినీళ్లతో తొలిచి పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

పాలను ముందురోజు రాత్రి చేసి పెట్టుకోవచ్చు. పిండిన వెంటనే శుభ్రమైన గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, మరుసటి రోజు సాయంత్రానికల్లా వాడేయండి. మన ఎండల్లో బయట వదిలేస్తే మూడు నాలుగు గంటల్లోనే కొబ్బరిపాలు పులుస్తాయి. పులిసిన పాలు టీలో పోయగానే విరుగుతాయి, కాబట్టి పొద్దున సీసా మూత తీయగానే ఒకసారి వాసన చూసుకోండి. ఫ్రిజ్‌లో పైన తెల్లటి మీగడలా గడ్డ కట్టడం సహజం, అది గడ్డకట్టిన కొబ్బరినూనే. సీసాను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నిలబెట్టి, బాగా కుదిపి, ఆ తరువాతే గిన్నెలో పోసి సన్నని సెగ మీద వెచ్చబెట్టండి. నాలుగున్నరకు లేచేవారికి డికాక్షన్ మరిగే వ్యవధిలోనే ఈ పనంతా అయిపోతుంది. డికాక్షన్‌ను మాత్రం రాత్రి కాచి ఉంచకండి, ఏ పూటకు ఆ పూట పెట్టుకోండి.